ఎనిమిది మిల్లీగ్రాముల సూది

పళ్ళ డాక్టరు దగ్గర కాగితం నా చేతికే ఇచ్చారు. నొప్పి నా భార్యది, పన్ను ఆమెది, ఆమె నా పక్కనే కూర్చుని ఉంది. అయినా రాసే పని మా ఇంట్లో ఎప్పుడూ నాదే. పేరు రాశాను, వయసు నలభై ఆరు అని రాశాను. కింద వరసగా గళ్ళు ఉన్నాయి. గుండెజబ్బు ఉందా, ఉబ్బసం ఉందా, బీపీ ఉందా. మూడింటికీ ‘లేదు’ దగ్గర టిక్కు పెట్టాను. నాలుగోది షుగర్. అక్కడ ఆగాను. ఆమె నా వైపు చూసింది. నేను ‘లేదు’ దగ్గరే టిక్కు పెట్టి కాగితం తిరిగి ఇచ్చేశాను.

ఆమెకు షుగర్ వచ్చి ఆరేళ్ళయింది. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర వేసుకుంటుంది.

నేను ఇనుము లెక్కలు చూసేవాణ్ణి. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు లేస్తున్న టవర్లలో ఏ పిల్లరుకు ఎన్ని రాడ్లు, ఒక్కో రాడ్డు ఎంత పొడవు కోయాలి, ఎక్కడ ఎంత వంచాలి అన్నది డ్రాయింగ్ చూసి కాగితం మీద వేసి ఇస్తాను. పదో తరగతి దాటలేదు. కూలీగా వచ్చి, ఇంజనీర్లు పక్కన పెట్టిన పాత డ్రాయింగులు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నాను. ఇరవై రెండేళ్ళలో నా లెక్క వల్ల రాడ్డు పొట్టిదయిందన్న మాట ఎవరూ అనలేదు. అలాంటివాణ్ణి ఆ గడిలో అబద్ధం ఎలా రాశానంటే, దాన్ని కూడా లెక్కతోనే రాశాను.

నాలుగు నెలలుగా ఆమెకు కుడివైపు కింది దవడలో చివరి పన్ను నొప్పి. జ్ఞానదంతం అడ్డంగా పడుకుని ముందు పన్నును తోస్తోందని ఎక్స్‌రే ఫొటోలో కనబడింది. ఆమె ఒక ఐటీ టవర్లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు. తొమ్మిదో అంతస్తు నుంచి పద్నాలుగో అంతస్తు దాకా ఆమెవి. రోజంతా వాకీటాకీలో మాట్లాడాలి. రెండుసార్లు వేరే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. రెండుసార్లూ వేలి మీద పొడిచి చూశారు. మొదటిసారి రెండు వందల ముప్పై ఆరు, రెండోసారి రెండు వందల పందొమ్మిది. తగ్గించుకుని రండి అన్నారు. షుగర్ ఉన్నోళ్ళకు పన్ను పీకరని, పీకినా పుండు మానదని ఆమెతో పనిచేసేవాళ్ళు ఒకటే చెప్పారు. రెండోసారి తిరిగి వస్తూ బస్సులో ఆమె కొంగుతో దవడ పట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆ తర్వాత ఐదు వారాలు అన్నం మానేసి జొన్న రొట్టె తిన్నది. పొద్దున్నే పుప్పాలగూడలో మా గల్లీ చివర నుంచి మెయిన్ రోడ్డు దాకా నాలుగు చుట్లు నడిచింది. నేను రోజూ వేలు పొడిచి క్యాలెండరు మీద రాసేవాణ్ణి. ఆఖరి మూడు పొద్దులు నూట నలభై ఎనిమిది, నూట ముప్పై తొమ్మిది, నూట ముప్పై ఒకటి. నూట ముప్పై ఒకటి అంటే ఇంచుమించు లేనట్టే కదా అనుకున్నాను. ఉంది అని రాస్తే మళ్ళీ వెనక్కి పంపుతారు. ఆ ఒక్క పొద్దు అంకెను పట్టుకుని ఆరేళ్ళ జబ్బును కొట్టేశాను. కొత్త డాక్టరు వేలు పొడవలేదు. కాగితాన్ని నమ్మింది.

శనివారం పదకొండుకు ఆమెను లోపలికి తీసుకుపోయారు. యాభై నిమిషాలకు నన్ను పిలిచారు. ఆమె కుర్చీలో వెనక్కి వాలి ఉంది. నోట్లో దూది ఉండ, కళ్ళ చివర తడి. డాక్టరు చిన్న వయసు అమ్మాయి. చేతి తొడుగులు తీస్తూ చెప్పింది.

“అయిపోయింది అంకుల్. పన్ను మూడు ముక్కలు చేసి తీశాం. మూడు కుట్లు పడ్డాయి. ఆంటీ చాలా ఓపిగ్గా ఉన్నారు.”

పక్కన నర్సు చిన్న సీసాలోంచి సూదిలోకి మందు లాగుతోంది.

“అదేం సూది మేడం?”

“స్టెరాయిడ్. వాపు ఎక్కువ రాకుండా. ఈ పన్ను తీశాక చాలామందికి ఇస్తాం. ఒక్క డోసే, ఎనిమిది మిల్లీగ్రాములు. ఇది లేకపోతే రేపు, ఎల్లుండి దవడ బిగుసుకుపోయి నోరు తెరవడం కష్టమవుతుంది.”

“ఎన్ని దినాలు పనిచేస్తది?”

“ఒకటి రెండు రోజులు.” డాక్టరు నేను నింపిన కాగితం తిప్పి చూసింది. “షుగర్ ఉంటే ఆలోచించేవాళ్ళం. లేదు కదా, ఏం భయం లేదు.”

నా భార్య నా వైపు చూసింది. గొంతులోంచి ఒక శబ్దం చేసింది. నర్సు వంగి, “నొప్పా అమ్మా? చీమ కుట్టినట్టే ఉంటది, అంతే” అంది. జాకెట్టు చేతిని పైకి మడిచింది, దూదితో తుడిచింది, గాలి బుడగ పోయేదాకా సూదిని నిలువుగా పట్టుకుని వేలితో తట్టింది. ఇరవై లెక్కపెట్టేంత సేపు పట్టింది. ఒక్క మాట చెబితే ఆగిపోయేది. పన్ను అప్పటికే తీసేశారు, ఇక మమ్మల్ని వెనక్కి పంపడానికి ఏమీ మిగల్లేదు. కానీ ఆ సంగతి నాకు ఆటో ఎక్కాక తట్టింది. అక్కడ మాత్రం ముగ్గురి ముందు నా టిక్కు అబద్ధమని తేలుతుందన్న ఒక్కటే మెదడులో తిరిగింది. సూది దిగింది.

ఇంటికి వచ్చాక గంటకు దూది తీసేసింది. మాట కొంచెం వంకరగా వస్తోంది, పెదవికి ఇంకా మొద్దుబార్చే మందు దిగలేదు.

“నువ్వు చెప్తవనుకున్న” అంది.

“ఏం చెప్పాలె?”

“నాకు షుగర్ ఉందని. నేనేడ చెప్త, నోట్ల దూది వెట్టిరి. నీ దిక్కు జూస్తే నువ్వు గోడ దిక్కు జూస్తివి.”

నేను షుగర్ చూసే మీటరు తెచ్చాను. మూడు గంటలకు నూట తొంభై ఎనిమిది. ఆరు గంటలకు రెండు వందల అరవై నాలుగు. ఆమె ఆ మధ్యలో తాగింది ఒక గ్లాసు పలుచటి రాగి జావ, ఉప్పు వేసిన మజ్జిగ, అంతే.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. డ్రాయింగులో ఎక్కడైనా సందేహం వస్తే ఒక రాడ్డు ఎక్కువ వేస్తాం. ఎక్కువైన రాడ్డు వల్ల బిల్డింగుకు నష్టం లేదు. ఆ సాయంత్రం ఆమె మాత్రకు తోడుగా ఇంకొకటి నేనే ఇచ్చాను. ఆమె అరచేతిలో రెండింటినీ చూసి, “ఎవరు చెప్పిండ్రు?” అని అడిగింది. “నేను లెక్క జేసిన” అన్నాను. వేసుకుంది. పడుకునే ముందు చూస్తే మూడు వందల పదకొండు.

తప్పు కొలతకు కోసిన రాడ్డు ఉంటే పక్కన పడేసి ఇంకొకటి కోయవచ్చు. ఒకసారి కండలోకి పోయిన ఎనిమిది మిల్లీగ్రాములను బయటికి తీయడానికి దారి లేదు. పైగా ఎంత సూది వల్ల పెరిగింది, ఎంత నొప్పి వల్ల, ఎంత తిండి మారడం వల్ల అన్నది విడదీద్దామని కూర్చున్నాను. తెలిసిన అంకె ఒక్కటే, తెలియనివి మూడు. అలాంటి లెక్క తెగదని నాకు బాగా తెలుసు. తెలిసీ కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

ఆదివారం పొద్దున రెండు వందల ఎనభై రెండు. ఆమె అద్దంలో చూసుకుని, “వాపే లేదు” అంది. నేను టేపు తీసి చెవి తమ్మె నుంచి పెదవి చివర దాకా రెండు వైపులా కొలిచాను. ఎడమ పక్క పదకొండు సెంటీమీటర్ల రెండు మిల్లీమీటర్లు, కుడి పక్క పదకొండు ఏడు. అర సెంటీమీటరు తేడా. నోరు తెరిచి చూపించమన్నాను. రెండు వేళ్ళు నిలువుగా పట్టాయి, మూడోది సగం. సూది చెప్పిన పని చెప్పినట్టు చేసింది. నొప్పి కూడా పెద్దగా లేదంది. పదకొండు గంటలకు, రెండోసారి జావ తాగాక, మూడు వందల నలభై ఏడు.

“డాక్టరుకు ఫోన్ జేద్దాం” అన్నాను.

“ఏమని చేస్తవు? అబద్ధం రాసినమని చెప్తవా? వచ్చే శనివారం కుట్లు ఎవరు ఇప్పుతరు మల్ల? రెండు దినాలు అన్నది గద డాక్టరు, రెండు దినాలు ఆగు.”

మందుల చీటీ మీద డాక్టరు నంబరు ఉంది. ఫోను చేతిలో ఉంది. ఆగాను. ఆమె ఆగమన్నది కాబట్టి ఆగానని అనుకోవడం నాకూ సులువుగా ఉంది.

మూడు గంటలప్పుడు పక్క పోర్షనులో ఉండే ఆవిడ బొప్పాయి పండు పట్టుకుని వచ్చింది. వాళ్ళది కాకినాడ వైపు. నన్ను అన్నయ్యగారూ అని, నా భార్యను వదిన అని పిలుస్తుంది.

“ఇదేంటండీ, వదిన బుగ్గ అసలు వాయనే లేదు! మా తమ్ముడికి ఇదే పన్ను తీస్తే నాలుగు రోజులు బూరెలా ఉబ్బిపోయాడు. ఫొటో తీస్తానంటే చెంబుచ్చుకుని కొట్టడానికి వచ్చాడు.”

నా భార్య దవడ పట్టుకుని నవ్వింది. “నవ్వియ్యకు వదినా, కుట్లు ఊడ్తయి.”

“మీరు మాట్లాడకండి, నేను మాట్లాడతాను. నిన్నటి నుంచి గోడవతల అన్నయ్యగారి గొంతు ఒక్కటే వినబడుతోంది. ఇన్నేళ్ళలో ఆయనకు మాటలొచ్చని నిన్నే తెలిసింది నాకు.”

“మాటలా? అంకెలు సదువుతుండు.”

ఆవిడ వెళ్ళిపోయాక నా భార్య తానే పండు కోసి, గింజలు తీసి, మెత్తటి ముక్కలు నాలుగు నోట్లో వేసుకుంది. బొప్పాయి ఏం చెయ్యదులే అంది. వెంటనే వేలు చాపింది. పొడిచాను. రక్తపు చుక్క పట్టీ మీద పెట్టాను. మీటరు ఐదు నుంచి ఒకటి దాకా లెక్కపెట్టి అంకె చూపిస్తుంది. ఈసారి అంకె రాలేదు. తెర మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి, హెచ్, ఐ. మీటరుతో వచ్చిన కాగితం వెతికి చదివాను. ఆరు వందలకు పైన ఉంటే ఇది అంకె చూపించదట.

ఆరు వందల ఒకటో, తొమ్మిది వందలో తెలియదు. ఎంత అన్నది తెలిస్తే ఏదో ఒకటి చేసేవాణ్ణేమో, నా చేతిలో అంకె కూడా లేకుండా పోయింది. ఆమె నా ముఖం చూసి, “ఎంత?” అని అడిగింది. నేను మీటరు బోర్లించి పెట్టాను. మళ్ళీ అడిగింది. “ఎంతనో చెప్పు. చెప్పకుంటే ఇంకా పరేషాన్ అయితది నాకు.”

డాక్టరుకు ఫోన్ చేశాను. రెండోసారికి ఎత్తింది.

“మేడం, నిన్న పన్ను తీసిండ్రు, ఆమె నా భార్య. ఆమెకు షుగర్ ఉంది.”



“ఎప్పటి నుంచి?”

“ఆరేండ్లు.”

“ఫారంలో లేదని ఉంది అంకుల్.”

“నేనే రాసిన.”

ఆమె తిట్టలేదు. గొంతు మాత్రం మారింది, నర్సుతో మాట్లాడేటప్పటి గొంతు అది. వాంతులున్నాయా, ఊపిరి బరువుగా తీస్తోందా, మత్తుగా ఉందా అని వరసగా అడిగింది. లేవన్నాను. ఇప్పుడెంత ఉందంది. అంకె రావడం లేదన్నాను.

“పొడిచే ముందు చేతులు కడిగారా?”

“లేదు.”

“దేన్నైనా ముట్టుకున్నారా? పండు గానీ, స్వీటు గానీ?”

ఆమె వేళ్ళ వైపు చూశాను. బొప్పాయి రసం ఇంకా మెరుస్తోంది.

“సబ్బుతో కడిగించండి. బాగా తుడిచి, వేరే వేలు పొడవండి. నేను లైన్లోనే ఉంటాను.”

కడిగించాను. తుడిచాను. ఎడమ చేతి వేలు పొడిచాను. మూడు వందల ముప్పై ఎనిమిది. ఆరేళ్ళుగా పొడుస్తున్నాను, పొద్దున్నే పరగడుపున స్నానం అయ్యాక. అందుకే విడిగా చేతులు కడగాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు. రసం అంటిన వేలు అబద్ధం చెబితే నేను నిజం చెప్పాను. నిజంగా మూడు వందల ముప్పై ఎనిమిదే మొదట వచ్చి ఉంటే ఆ రోజు ఫోన్ చేసేవాణ్ణి కాదేమో.

“ఏ మాత్రలు వాడుతున్నారో ఫొటో పంపండి. మీరేమైనా పెంచారా?”

“నిన్న సాయంత్రం ఒకటి ఎక్కువ ఇచ్చిన.”

“ఆమె సరిగ్గా తినడం లేదు, మీరు మాత్ర పెంచారు. సూది ప్రభావం దిగిపోయాక ఆ మాత్ర కిందకి లాగితే? కళ్ళు తిరిగి పడిపోతే ఏం చేసేవారు?”

ఎక్కువైన రాడ్డుకు అలాంటి గుణం లేదు.

డాక్టరు తనకు తెలిసిన ఫిజీషియన్‌తో మాట్లాడి ఇరవై నిమిషాల్లో మళ్ళీ ఫోన్ చేసింది. మాత్రలు ఎప్పటిలాగే, ఏదీ పెంచకూడదు. నీళ్ళు బాగా తాగాలి. నాలుగు గంటలకొకసారి చూడాలి. నాలుగు వందలు దాటినా, వాంతి అయినా, మత్తుగా ఉన్నా ఇంకేం ఆలోచించకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. యాంటీబయాటిక్ ఒక్క పూట కూడా తప్పకూడదు, పుండు మానడం ఆలస్యం కావచ్చు. రేపు పొద్దున ఒకసారి తీసుకొచ్చి చూపించాలి.

“ఇంకేం చెయ్యాలె మేడం?”

“ఏం చెయ్యడానికి లేదు అంకుల్. చూస్తూ ఉండాలి.”

ఫోను పెట్టేశాక నా భార్య అడిగింది. “తిట్టిందా?”

“లేదు.”

“తిట్టాల్సుండె.”

నాలుగు గంటలంటే రెండు వందల నలభై నిమిషాలు. ఏమీ చేయకుండా అంతసేపు కూర్చోవడం నాకు అలవాటు లేదు. నీళ్ళ గ్లాసు నింపి ఇచ్చాను. తాగింది. మళ్ళీ నింపాను. “ఇగ నన్ను ముంచుతవా ఏంది” అని గ్లాసు పక్కన పెట్టింది. చేతులు కడుక్కుని వచ్చి మంచం మీద పడుకుంది. నేను గుమ్మంలో కూర్చుని ఆమె ఊపిరి వింటూ ఉన్నాను. ఎదురుగా కడుతున్న టవరు మీద క్రేను ఆగి ఉంది, ఆదివారం. ఆ టవరు కింద బేస్‌మెంట్ నుంచి పదకొండో స్లాబు దాకా ఇనుమంతా నా లెక్కే. ఎన్ని టన్నులో ఇప్పుడు అడిగినా చెబుతాను. నాలుగడుగుల దూరంలో పడుకున్న మనిషి ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పలేను.

ఏడు గంటలకు మూడు వందల ఒకటి.

సోమవారం పొద్దున రెండు వందల ఇరవై నాలుగు. ఆమె చీర మార్చుకుని, జడ వేసుకుని, గుర్తింపు కార్డు మెడలో వేసుకుంది.

“యాడికి?”

“డ్యూటీకి. మొకం మంచిగనే ఉంది గద. సెలవు పెట్టి ఇంట్ల కూసుంటే పన్ను నొప్పి అంటె ఎవరు నమ్ముతరు?”

“రెండు వందలకు దిగేదాంక వద్దు. డాక్టరు దగ్గరికి పోవాలె.”

“నీ మీటరు చెప్పినట్టు నేను నడవాల్నా? గా మీటరు ముందు పెట్టుకునే గద గా కాగితం రాసినవు.”

కార్డు తీసేసి మంచం మీదకు విసిరింది. ఆటోలో డాక్టరు దగ్గరికి పోయాం. డాక్టరు నోరు తెరిపించి, లైటు వేసి చూసి, కుట్ల దగ్గర కొంచెం ఎర్రగా ఉంది, చీము లేదంది. ఇక నుంచి రోజూ అంకె ఫోన్లో చెప్పమంది. మంగళవారం నూట ఎనభై నాలుగు, బుధవారం నూట డెబ్భై ఒకటి. అంకె దిగింది. నేను దించలేదు. పెంచింది ఒక సూది, దించింది దాని గడువు తీరిపోవడం. మధ్యలో నేను చేసింది వేళ్ళు పొడవడం, రాసుకోవడం. ఆమె పది వేళ్ళ కొసల మీద సన్నటి నల్ల చుక్కలు పడ్డాయి. అన్నం కలుపుకునేటప్పుడు కారం మంట పుడుతోందని చెంచాతో తిన్నది.

ఆ శనివారం కుట్లు విప్పించుకోవడానికి వెళ్ళాం. నేను కుర్చీ పక్కన నిలబడ్డాను. డాక్టరు నన్ను చూసి తల ఊపి, స్టూలు ఆమె వైపుకు జరుపుకుని కూర్చుంది. కుట్లు విప్పడం రెండు నిమిషాలు కూడా పట్టలేదు. పుండు కాస్త ఆలస్యంగా మానుతోందని, ఇంకో వారం ఉప్పునీళ్ళు పుక్కిలించమని చెప్పింది. తర్వాత ఫొటో వెలుతురుకు పెట్టి ఎడమవైపు చూపించింది. అక్కడా ఒక జ్ఞానదంతం అడ్డంగానే ఉంది. ఇప్పుడే కాదు గానీ ఎప్పుడో ఒకప్పుడు తీయాలంది.

“అప్పుడు సూది ఇవ్వాలా వద్దా అన్నది ముందే మాట్లాడుకుందాం ఆంటీ. ఇవ్వకపోతే వాపు ఎక్కువ వస్తుంది, నాలుగైదు రోజులు నోరు సరిగ్గా తెరుచుకోదు.”

“రానీ బిడ్డా. వాపు మొకం మీద కనబడ్తది, నలుగురికి తెలుస్తది. గా షుగర్ లోపట్నే పెరిగితే ఎవరికి తెలిసె?”

“సరే. ఇప్పుడు నేను అడుగుతాను, మీరే చెప్పండి. ఎన్నేళ్ళ నుంచి?”

“ఆరేండ్లు.”

“మాత్రలు?”

ఆమె పేర్లు తడుముకుంటూ చెప్పింది. ఒకటి మధ్యలో ఆగిపోయింది. ఆ పేరు నా పెదవుల దాకా వచ్చింది. ఆమె నా వైపు చూడలేదు. కాసేపటికి తనే గుర్తు తెచ్చుకుంది.

“ఈ రోజు పొద్దున ఎంత ఉంది?”

“నూట యాభై.”

పొద్దున మీటరులో వచ్చింది నూట యాభై ఎనిమిది. డాక్టరు నూట యాభై అని రాసుకుంది. నేను దిద్దలేదు.